నాలుగు మూకుళ్ళ నీళ్ళు

పోస్టుమాష్టరుగారు పోయారన్న మాట నాకు గుడివాడ స్టేషనులో తెలిసింది. బందరు నుంచి వచ్చిన బండి దిగుతూ మా వీధి చివరి కిళ్ళీకొట్టు ఆయన నన్ను చూసి ఆగిపోయాడు.

"పంతులుగారూ, మీరిక్కడున్నారా! మీ పక్కవాటా పోస్టుమాష్టరుగారు పొద్దున్నే పోయారండీ."

"ఏ పోస్టుమాష్టరు?" అన్నాను.

ఆయన నా మొహం వంక చూశాడు. "అదేంటండీ, మీ పురుగుల మాష్టరుగారు. స్నానం చేసొచ్చి పంచె కట్టుకుంటూ అట్లా గోడకి జారబడిపోయారట. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది."

ముందురోజు సాయంత్రమే ఆయనతో మాట్లాడాను. మా చెల్లెలిని చూడడానికి గుడివాడ వెళ్ళివస్తానని చెబితే, అరుగు మీద కూర్చుని పెట్టె మూతకి బంక రాస్తున్నవారు తలెత్తకుండానే అన్నారు: "అక్కడ రైలుకట్ట పక్కన తుమ్మచెట్లున్నాయి. జీరంగి కనిపిస్తే ఒకటి పట్టుకురండి. చంపకుండా." నేను పట్టాను. పచ్చగా, ఇత్తడి మెరుగుతో ఉన్న పురుగు. కిళ్ళీకొట్టు ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు అది నా చొక్కా జేబులో, అగ్గిపెట్టెలో ఉంది. లోపల కాళ్ళతో గీరుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఎవరికోసమో ఆ మనిషి లేడన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు. గుడివాడ నుంచి బందరు దాకా బండిలో నేను ఆలోచించింది ఒక్కటే. అగ్గిపెట్టెలో పురుగుకి గాలి ఆడుతోందా లేదా అని.

ఈ పత్రిక చదివేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఉంటారు. ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు. ఆయన బందరులో చాలాకాలం పోస్టాఫీసులో పనిచేసి, పించను పుచ్చుకుని, మా ఇంటి రెండో వాటాలో కాపురం ఉన్నారు. నేను ఎలిమెంటరీ స్కూలు టీచరుని, దివిసీమలో కోడూరు దగ్గరివాణ్ణి. పదిహేనేళ్ళు మాకు గోడ ఒక్కటే. ఆయన ముప్పయ్యేళ్ళపాటు మన దేశంవీ, పైదేశాలవీ పురుగుల్ని సంపాదించి, వేటికవి పేర్లు కనుక్కుని, పదకొండు చెక్కపెట్టెల్లో అమర్చారు. దసరా సెలవులయ్యాక ఆ పెట్టెల్ని హైస్కూలుకి ఇచ్చెయ్యాలని ఏర్పాటు. హెడ్మాష్టరుగారు అద్దాల బీరువా ఒకటి ఖాళీ చేయించి ఉంచారు. దసరాకి మూడు వారాలుండగా ఆయన పోయారు. ఆ బీరువాలో ఇవాళ ఆ పురుగులు లేవు. ఎందుకు లేవో చెప్పకుండా ఆయన్ని మెచ్చుకుంటూ రాయడం నాకు సరిగా తోచలేదు. అది కూడా చెబుతాను.

ఆయనకి ఈ పిచ్చి ఒక తడిసిన పార్సెలుతో పట్టింది. బందరు పోస్టాఫీసుకి వచ్చిన కొత్తలో, రేవులో పనిచేసే దొర ఒకాయన పేరిట బ్రెజిల్ దేశం నుంచి అట్టపెట్టె వచ్చింది. దొర అప్పటికే ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు. వానకి అట్ట నాని విడిపోతే లోపల సీతాకోకచిలుక కనిపించింది, అరచెయ్యంత. దాని నీలం గురించి ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పబోయి మానేశారు. "నెమలి మెడ అందామా అంటే కాదండీ. నీలిమందు అంతకన్నా కాదు. ఆ రంగుకి మన దగ్గర మాట లేదు," అని ఊరుకునేవారు.

నిబంధన ప్రకారం పార్సెలు పంపినవాళ్ళకి తిప్పి పంపాలి. ఆయన కొత్త అట్టలో భద్రంగా కట్టి, లోపల ఒక ఉత్తరం పెట్టారు. దాని నకలు నేను చూశాను. 'మీ సీతాకోకచిలుక క్షేమం. కుడివైపు మీసం విరిగింది. అది మా ఊరి వాన చేసిన పని, మన్నించండి.' పంపినావిడ అక్కడ ఒక బడిలో పంతులమ్మ. నెలల తరవాత అదే సీతాకోకచిలుక మళ్ళీ వచ్చింది, ఈసారి ఈయన పేరిట. మీ ఊరి పురుగు ఒకటి నాకు పంపగలరా అని ఆవిడ రాసింది. అప్పటిదాకా ఈయనకి మన ఊరి పురుగులేమిటో తెలియదు. ఆ సాయంత్రమే కాలవగట్టుకి వెళ్ళి వెతికారట.

ఆ తరవాత సింహళం, జావా, ఆఫ్రికా తీరం, ఇంగ్లండు. అన్నిచోట్లా ఇలాంటివాళ్ళే, గుమాస్తాలూ బడిపంతుళ్ళూ. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. జావా నుంచి ఆకులాంటి పురుగు వచ్చింది, ఈనెలతో సహా ఆకే. ఆఫ్రికా నుంచి పిడికిలంత పెంకుపురుగు. ఈయన ఇక్కడి నుంచి పేడపురుగుల్నీ, గొల్లభామల్నీ, కుమ్మరి పురుగుల్నీ దూదిలో చుట్టి పంపేవారు.

నేను పక్కవాటాలోకి వచ్చిన మొదటి తొలకరికి మా ఊరు వెళ్ళాను. మా దివిసీమలో తొలి వాన పడగానే పొలాల్లో ఎర్ర మఖమలు గుడ్డ చింపి పారేసినట్టు ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. రెండు పట్టి, ఆకుదొప్పలో పెట్టి, పడవ దాటించి ఆయనకి తెచ్చి ఇచ్చాను.

"కాళ్ళు లెక్కపెట్టారా?" అన్నారు.

"పురుగుకి ఆరు కాళ్ళని మీరే చెప్పారు కదండీ."

"నేను చెప్పినవి కాదు పంతులుగారూ, దానికున్నవి."

భూతద్దం నా చేతికిచ్చారు. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిది.

"అయితే సాలీడుకి చుట్టం. మన పెట్టెలోకి రాదు. పాపం, పడవ ఎక్కించి తెచ్చారు. పెరట్లో తడినేల చూసి వదిలెయ్యండి."

చిన్నప్పటి నుంచి ప్రతి తొలకరికీ దాన్ని చేతిలో పట్టుకున్నవాణ్ణి. ఒక్కసారీ కాళ్ళు చూడలేదు. అప్పటి నుంచి మా బడిలో నేను పిల్లలకి ఏ జీవి గురించి చెప్పినా ముందు కాళ్ళు లెక్కపెట్టిస్తాను.

ఆయన పద్ధతి అది. ఎవరేం తెచ్చినా పేరు చివరికి. ముందు చిన్న చీటీ మీద ఊరు, నెల, ఏ చెట్టు మీద దొరికిందో, తెచ్చినవాళ్ళ పేరు రాసేవారు. తరవాత బల్ల మీద రెండు ఇంగ్లీషు పుస్తకాలు తెరిచి బొమ్మలతో సరిచూసేవారు. పోలిక కుదరకపోతే పేరు దగ్గర 'తెలియదు' అని రాసి గుచ్చేవారు. ఒక్కో 'తెలియదు' ఏళ్ళతరబడి అలాగే ఉండేది. "తెలియదని రాసిపెట్టుకోవడం కూడా పనేనండీ. రాయకపోతే తెలిసినట్టే తిరుగుతాం," అనేవారు. ఏదో ఒకరోజు ఏ దేశం నుంచో జవాబు వస్తే, ఆ మాట కొట్టేసి పక్కన పేరు రాసేవారు. ఆ పూట ఆయన రెండోసారి కాఫీ అడిగేవారు.

ఆయన భార్యని నేను అక్కయ్యగారు అంటాను. ఆవిడ ఈ పెట్టెల్ని ఏనాడూ కాదనలేదు, అలాగని వదిలిపెట్టనూ లేదు. ఒకసారి చేటతో వీధిగదిలోకి వచ్చి, "ఈ కందిపప్పులో ఉన్నవాటికి చీటీలంటించలేదేం? ఇవి కూడా పైదేశం వెళ్తాయేమో చూడండి," అంది.

"అది నీ పెట్టె. అందులో నేను చెయ్యి పెట్టను," అన్నారాయన.

మొవ్వ వైపు రైతు ఒకాయన మినపతీగె ఒకటి పట్టుకుని వచ్చిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. తీగె నిండా రసం పీల్చే పేనుబంక. దాని మీద నాలుగైదు అక్షింతల పురుగులు, ఎర్రగా నల్లచుక్కలతో.

"చేనంతా ఈ ఎర్రపురుగు కమ్మేసిందండీ. చచ్చే మందేదైనా చెబుదురూ," అన్నాడు.

"ముందు ఇదేమిటో చూద్దాం, కూర్చోండి."

"ఏదైతే నాకేంటండీ? దానికి నేనేమైనా పెళ్ళి చెయ్యాలా, పేరూ గోత్రం కనుక్కోడానికి?"

మాష్టరుగారు నవ్వి భూతద్దం ఇచ్చారు. రైతు అయిష్టంగానే కన్ను పెట్టాడు. "ఇది ఆకు తినట్లేదండోయ్," అన్నాడు. "ఆ పేనుని నమిలేస్తోంది!"

"మరి చచ్చే మందు ఎవరికి?"

రైతు ఆ తీగెని తీసుకుని పురుగులు రాలిపోకుండా కండువాలో పొదువుకుని వెళ్ళాడు. తన చేలోనే వదులుతానన్నాడు. అతను వెళ్ళాక మాష్టరుగారు ఇంగ్లండు పెట్టె తీసి, అందులో ఉన్న అలాంటి పురుగునే నాకు చూపించారు. "అక్కడా రైతులు దీన్ని తిట్టే ఉంటారు. పురుగు అనేది పేరు కాదండీ, మన బద్ధకం," అన్నారు.

ఆయన పెట్టెల్లో అన్నిటికన్నా పెద్దది కోడూరు జాలరి ఒకడు తెచ్చింది. అతను బర్మాలో రంగం మిల్లుల్లో పనికి వెళ్ళి ఓడలో తిరిగి వస్తూ, రెండు అరచేతులంత రెక్కల పురుగుని తాటాకుల మధ్య పెట్టి తెచ్చాడు. రెక్కల చివర పాము తలలాంటి గుర్తు. "ఓడలో అందరూ దెయ్యమన్నారండి, సముద్రంలో పారెయ్యమన్నారు. తమకివ్వాలని గుడ్డల్లో దాచానండి," అన్నాడు. మాష్టరుగారు చీటీ మీద అతని పేరు రాసి గుచ్చారు. అతనికి చదువు రాదు. "నా పేరు ఏదండీ ఇందులో?" అని అడిగి, చూపించిన అక్షరాల మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది పాడవదు కదండీ?"

"నేనుండగా పాడవదు," అన్నారు మాష్టరుగారు.

ఇంకొకటి చెప్పాలి. ఆఫ్రికా తీరం నుంచి ఒక ఆసుపత్రి గుమాస్తా ఒకసారి ఉత్త తూనీగని పంపాడు. ఈ నెల వేరే ఏదీ దొరకలేదు, ఇది మా దగ్గర బోలెడు, ఏమీ అనుకోవద్దు అని రాశాడు. మాష్టరుగారు దాన్ని పొద్దంతా చూశారు. తరవాత నా దగ్గరికి వచ్చి, "పంతులుగారూ, మీ కోడూరు చేలల్లో వరి పొట్ట మీద ఉన్నప్పుడు గుంపులుగా ఎగురుతాయే, పసుపు తూనీగలు, ఒకటి కావాలి," అన్నారు. తెచ్చాను. రెండింటినీ పక్కపక్కన గుచ్చి రెక్కల ఈనెలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. తేడా లేదు. జావా పెట్టెలో ఉన్న మూడోదాన్ని కూడా తెచ్చి వాటి పక్కన గుచ్చారు. దానికీ తేడా లేదు.

"ఇంతంత దూరాల్లో ఒక్కటేనండీ. ఇన్నాళ్ళూ దీన్ని మన కాలవ పురుగే అనుకున్నాను," అన్నారు. ఆ నీలం సీతాకోకచిలుక దగ్గర కూడా ఆయన గొంతులో అంత ఆశ్చర్యం నేను వినలేదు.

ఇక ఆ నాలుగు మూకుళ్ళ సంగతి.

మాష్టరుగారు పెట్టెల్ని బందరు వడ్రంగి ఒకడి చేత చేయించారు. అడుగున జీలుగు బెండు పరిచి, దాని మీద సూదులతో పురుగుల్ని గుచ్చేవారు. మూలల్లో కర్పూరం. కానీ మన వైపు చీమలు కర్పూరానికి ఆగేవి కావు. అందుకని పెట్టెలున్న బల్ల నాలుగు కాళ్ళ కిందా నాలుగు మట్టిమూకుళ్ళు పెట్టి నీళ్ళు పోసేవారు. వానాకాలం బూజు పట్టకుండా మూతలు కొంచెం వదులు చేసి ఉంచేవారు కాబట్టి, ఆ రోజుల్లో నీళ్ళే దిక్కు. రోజూ పొద్దున్నే చెంబుతో నాలుగు మూకుళ్ళూ నింపాకే వేరే పని. "దేశాలన్నీ తిరిగొచ్చిన ఈ పెట్టెలకీ చీమలకీ మధ్య ఉన్నది నాలుగు మూకుళ్ళ నీళ్ళండీ," అనేవారు. ఊరికి వెళ్తే తాళం నాకిచ్చి, "మూకుళ్ళు చూడండి" అని ఒక్కమాట చెప్పేవారు. పదిహేనేళ్ళలో ఎన్నోసార్లు నేను వాటిని నింపాను. అంటే వాటి సంగతి నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు.

ఆ రోజు నేను గుడివాడ నుంచి వచ్చేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. అగ్గిపెట్టె నా వాటాలో ఉట్టి మీద పెట్టి వచ్చి నిలబడ్డాను. పంచె సగమే కట్టి ఉంది. కుడిచేతి బొటనవేలికి ముందురోజు బంక అంటుకునే ఉంది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఎవరో పిలిస్తే కదిలాను. ఎవరేం చెబితే అది చేశాను.

దహనానికి వెళ్ళి వచ్చాక, వాళ్ళింట్లోనే ఉండే మాష్టరుగారి అప్పగారు గుమ్మంలో కూర్చుని అంది: "ఇంట్లో మైల నీళ్ళు చుక్క ఉండకూడదు నాయనా. అన్నీ పారబోయించు."

ఎవరింట మనిషి పోయినా మనం చేసే పనే అది. నేనే మొదలుపెట్టాను. మంచినీళ్ళ కుండలు, ఇత్తడి బిందెలు, పెరట్లో గోలెం, దేవుడి దగ్గర పంచపాత్ర. అన్నీ వంచి బోర్లించాను. ఏదో ఒక పని చేతికి దొరికినందుకు నాకు నయంగా ఉంది. వీధిగదిలోకి వెళ్ళాను. బల్ల కింద నాలుగు మూకుళ్ళలో నీళ్ళున్నాయి. బల్ల బరువు, ఎత్తడానికి కుదరదు. పాతగుడ్డ తెచ్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ముంచి పిండి, ముంచి పిండి నాలుగింటినీ ఖాళీ చేశాను. అడుగున తడి కూడా లేకుండా తుడిచాను. బాగా చేశాననే అనుకున్నాను.

పన్నెండో రోజు దాకా ఆ గది తలుపు తెరవలేదు. వాన పట్టింది. మొవ్వ రైతు వచ్చి అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళాడు. పన్నెండో రోజు గడిచాక, హెడ్మాష్టరుగారు మనిషిని పంపేలోగా పెట్టెలు తుడిచి ఉంచుదామని నేను వెళ్ళాను.

గడప నుంచి బల్ల కాలి దాకా దారంలాంటి గీత. కదులుతోంది.

మొదటి పెట్టె మూత తీశాను. బెండు తెల్లగా ఉంది. సూదులు వరసల్లో నిలబడి ఉన్నాయి. ప్రతి సూదికీ చీటీ ఉంది. సూదికి పురుగు లేదు. అడుగున రంగు పొట్టు, తెగిన కాళ్ళు, గుల్లలు. రెండో పెట్టె అంతే. మూడోది. నీలం సీతాకోకచిలుక రెక్క ఒకటి గోరంత ముక్కలై ఒక మూల పడి ఉంది. రంగం పురుగు రెక్కలు తునకలై పోయాయి. చీటీ మీద జాలరి పేరు మాత్రం చెక్కుచెదరలేదు. నేను వరసగా పదకొండూ తీశాను. తీయకుండా ఉండలేకపోయాను. పదకొండో దాంట్లో తూనీగలు మూడూ లేవు.

అప్పుడు వంగి మూకుళ్ళు చూశాను. పొడిగా ఉన్నాయి. శుభ్రంగా తుడిచి ఉన్నాయి. నా చేతి పని నేను గుర్తుపట్టాను.

నా వెనక అక్కయ్యగారు ఎప్పుడు వచ్చిందో తెలియదు. "ఏమైంది తమ్ముడూ?" అంది. ఆవిడ చూపు పెట్టెల మీద పడి, అక్కణ్ణించి కిందికి దిగింది.

"నీళ్ళు నేనే తీశానండీ," అన్నాను. "ఆ రోజు."

ఆవిడ చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. నన్ను తిడితే బాగుండునని నాకనిపించింది.

"నువ్వు గుడ్డతో తుడుస్తుంటే నేనిక్కడే కూర్చున్నాను," అంది చివరికి. "చూస్తూనే ఉన్నాను. ముప్పయ్యేళ్ళు వాటిల్లో నీళ్ళు చూసినదాన్ని. నాకూ తోచలేదు."

ఆవిడ కూర్చుని, చీటీల మీది పొట్టు ఏరడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను.

సెలవులయ్యాక హెడ్మాష్టరుగారు తనే వచ్చారు. ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఒక్కో చీటీ చదువుతూ వెళ్ళారు. ఊరు, నెల, చెట్టు, తెచ్చినవాళ్ళు. బ్రెజిల్, కోడూరు, జావా, పెడన. 'తెలియదు' అన్నచోటల్లా కాస్త ఆగారు. "ఇవి ఇవ్వండి చాలు. మళ్ళీ ఎక్కడ వెతకాలో ఇందులో ఉంది కదా," అన్నారు. చీటీలున్న పెట్టెల్ని అలాగే తీసుకువెళ్ళారు. పురుగు ఉన్నది ఒక్క పెట్టెలోనే, ఒక్కటే. ఉట్టి మీద నేను మరిచిపోయిన అగ్గిపెట్టెలో జీరంగి చచ్చిపోయి, రంగు పోకుండా అలాగే ఉంది. దాన్ని ఆ పెట్టెలో గుచ్చి చీటీ నేను రాశాను. గుడివాడ రైలుకట్ట, తుమ్మచెట్టు. శాస్త్రంలో దాని పేరు ఏమిటో నాకు రాదు. అక్కడ 'తెలియదు' అని రాశాను. ఆ పైదేశాల వాళ్ళందరికీ ఉత్తరాలు రాయాలి. బ్రెజిల్ పంతులమ్మకి ఏమని మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు.

మొన్న వాన వెలిసిన పొద్దుట పెరట్లోకి వెళ్ళాను. అక్కయ్యగారు ఆ నాలుగు మూకుళ్ళనీ తోమి గోడవారగా ఎండకి పెట్టి మరిచిపోయినట్టుంది. వాననీళ్ళు అంచుల దాకా నిండి ఉన్నాయి. పైన పసుపు తూనీగలు తిరుగుతున్నాయి. ఒకటి దిగి వచ్చి మొదటి మూకుడులో తోక ముంచి గుడ్లు పెట్టి లేచింది. రెండో దాంట్లో ముంచింది. కాసేపు గాలిలో నిలబడి, మూడో దాని మీదికి వచ్చింది.

లోపల్నించి అప్పగారు కేకేసింది. "ఆ మూకుళ్ళలో నీళ్ళు నిలిచి దోమలు పడతాయి. పారబొయ్యి నాయనా."

వంగి ఒక మూకుడు అంచు పట్టుకున్నాను. చల్లగా తగిలింది. వంచడానికి చేతులు రాలేదు.